గాజు అక్షరాల ఖాలా

మీనా ఖాలా పోయిందన్న సంగతి నాకు ఆదిలాబాద్ బస్టాండుల తెలిసింది. కరీంనగర్ల నా దగ్గర సదువుకున్న పిల్ల ఒకతి ఇప్పుడు ఉట్నూర్ దవాఖానల నర్సు. పత్తి బోరాల బండ్లు అడ్డం పడి బస్సు కదలక, ఇద్దరం ఒక్క బెంచీ మీద కూసున్నం. ఆ మాట ఈ మాట నడుస్తుండగ, "టీచర్, మీనా ఖాలా యాదికున్నదా? ఎండకాలంల పోయిందట. మా అవ్వ చెప్పింది" అన్నది.

నేను అయ్యో అనలే. నా నోట్లెకెల్లి వచ్చిన మాట వేరే. "మరి భట్టి ఎవరు చూస్తున్నరు?"

ఆ పిల్ల వింతగ చూసింది. ఖాలాను ఎరిగినోళ్ళు ఎవరైనా ముందు అదే అడుగుతరు. ఆమెకు బుఖార్ వచ్చిందంటె గూడ గల్లీ ఆడోళ్ళు "భట్టి మీద ఏమన్న ఉన్నదా?" అని అడిగినంకనే మందు గోళీల సంగతి అడిగేటోళ్ళు.

మీనా ఆమె పేరు గాదు, పని పేరు. గాజును పిండి చేసి, వెండి మీదనో ఇనుము మీదనో పరిచి, భట్టిల కరగబెట్టి ఎన్నటికీ ఊడకుండ అతికించుడును మీనా పని అంటరు. ఖాలా అంటె చిన్నమ్మ. ఈ రెండు కలిపి ఊరంత ఆమెను మీనా ఖాలా అని పిలిచింది. ఆమెకు ఇంకో పేరు ఉంటదన్న ఆలోచన నాకే చాన్నాళ్ళు రాలే.

నేను కరీంనగర్ ఆడపిల్లల బడికి తెలుగు టీచరుగ పోయిన కొత్తల ఊరి బోర్డులు మారుతుండె. కచేరి ముందట, దవాఖాన ముందట, వకీళ్ళ ఇండ్ల ముందట ఉర్దూ దిగి తెలుగు ఎక్కుతున్నది. ఒకనాడు ఇంటర్వెల్ల నల్ల బురఖా వేసుకున్న మనిషి సీదా స్టాఫ్ రూముల కొచ్చి నా ముందట నిలబడ్డది. ముసుగు ఎత్తి తల మీద వేసుకున్నది. ముక్కు మీద మొగోళ్ళ కండ్లద్దాలు, ఒక దిక్కు పుల్ల విరిగితె దారం చెవికి చుట్టింది. ఎడమ కనుబొమ్మ సగమే ఉన్నది.

"తెలుగు టీచరమ్మవు నువ్వేనా?"

"ఔను."

"నాకు అచ్చరాలు గావాలె. అన్ని."

"సదువు నేర్చుకుంటవా అమ్మా?" అన్న సంబురంగ.

"సదువు ఎవలకు గావాలె? నాకు అచ్చరాల సూరత్ గావాలె, వాటి మొఖం. ఉర్దూ గూడ నాకు సదువరాదు. అయినా గీ ఊర్ల ఉర్దూ తఖ్తీలు సగం నా చేతివే. ఒక్కటి తప్పు వొయ్యిందని చెప్పమను ఎవరినన్న!"

ఇంటి ముందట పెట్టే పేరు రేకును ఆమె తఖ్తీ అనేది. బురఖా కిందికెల్లి రేకు ముక్కల మూట తీసి బల్ల మీద గలగల పోసింది. ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం చాక్‌పీసుతోని రాయమన్నది. నేను రాస్తుంటె ఆమె ఒక్కోటి ఎత్తి చూస్తున్నది. ఠ చూసి "నిండు చందమామ, నడుమ బొట్టు" అన్నది. ఋ చూసి "గిది అచ్చరమా, ఒంటెల బారా?" అన్నది. ప, ష, స ముగ్గురు అన్నదమ్ములన్నది. అన్ని అయినంక కుప్ప దిక్కు చూసి తల ఊపింది.

"మీ అచ్చరాలు గాజు కోసమే పుట్టినయి టీచరమ్మా. యాడ మూలలు లేవు. గాజు కరిగినప్పుడు మూల నిలవది, గుండ్రంగ అయితది. ఇంగ్లీషుకు అన్ని మూలలే, నా పానం తీస్తది. గివి మంటల పెట్టినా గిట్లనే బయటికొస్తయి."

తెలుగు అక్షరాలను అట్ల మెచ్చుకున్న మనిషిని నేను మళ్ళ చూడలే. ఆ ఒక్క మాటకే ఆమె వెంబడి ఇంటికి పోయిన.

ఇల్లు ఇరుకు గల్లీల. వాకిట్ల గోనెపట్ట పర్దా. పర్దా దాటితె ఆంగన్, ఇంటి నడిమి ఖాళీ జాగ; ఆంగన్ల ఇటుకల భట్టి. గల్లీకి అవతల, ఎదురుంగ ఆమె మరిది సైకిల్ దుకాణం. భట్టి నడుమల మూసిన మట్టి పెట్టె ఉన్నది, బొగ్గు పొగ, బూడిద గాజుకు తగలకుండ. పెట్టెకు వేలు పట్టేంత కన్ను. ఖాలా ఆ కన్నుకు తన కన్ను ఆనిచ్చి లోపల ఏమైతున్నదో నాకు చెప్పేది.

"ఇప్పుడు చక్కెర పోసినట్టున్నది... ఇప్పుడు సంత్రా తొక్క తీరు, గుంటలు గుంటలు... జర ఆగు, జర ఆగు... ఇగో, అద్దం!"

అద్దం అన్న మాటతోటే పట్కారు పోయి రేకును పట్టేది. ఆ అంటుడుకు, తీసుడుకు నడుమ సందు ఉండకపోయేది. తీసినదాన్ని వేడి ఇటుక మీద పెట్టి మీద మట్టి మూకుడు బోర్లించేది. సల్లగాలి తగిలితె గాజు పెచ్చులు లేస్తది. మూకుడు ఎత్తి చూడబోయిన నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. "పుట్టిన పిల్లను గాలికి పెడ్తరా?"

ఆమె పనిల అక్షరం రాసుడు లేదు, బయటపెట్టుడే ఉన్నది. ఇనుప రేకును చింతపులుసుల నానబెట్టి, ఇసుకతోని తోమి, ఇగ చేయి తగలనియ్యది. చేతి జిడ్డు తగిలిన కాడ గాజు పట్టదు. బొంబాయికెల్లి పొట్లంల వచ్చే గాజు పలుకులను కల్వంల నీళ్ళు పోసి నూరుతది. నూరిన పిండిని కడిగి, పైన తేలే మడ్డినీళ్ళు వంపి, మళ్ళ కడిగి, నీళ్ళు తేటగ అయ్యేదాక విడువది. ఆ మడ్డి ఉంటె రంగు మాసిపోతదట. అయినా మడ్డిని పారబొయ్యది, ఒక కుండల దాస్తది. తెల్ల పిండి పరిచి కాలుస్తె రేకు పాలమీగడ లెక్క వస్తది. దాని మీద నీలి పిండి బంకనీళ్ళతోని పూసి, ఆరినంక, అక్షరం ఉండాల్సిన కాడ కుంచెతోని, సన్న పుల్లతోని ఆ నీలిని తీసేస్తది. కింది తెలుపు బయటపడ్తది. మళ్ళ భట్టికి పోతె నీలి కరిగి తెలుపును పట్టుకుంటది. ఇగ దాన్ని వాన కడగలేదు, ఎండ తినలేదు.

రేకు వెనుక గూడ గాజు పూసేది. ఎవరికి కనబడ్తదని అడిగిన.

"ముందటనే పూస్తె రేకు వంకర పోతది. మొఖానికి ఎంత పెడ్తవో వీపుకు గూడ గంత పెట్టాలె. మనుషులకు గిది తెల్వదు, మొఖానికే పెడ్తరు."

ఎరుపు రంగును మాత్రం నమ్మకపోయేది. "నీలి మంచిది, తెలుపు మంచిది. ఎరుపు శిస్తుకొచ్చే గిర్దావరు అసొంటిది. ఇప్పుడు నవ్వుతది, ఇంకో ఘడియకు మొఖం నల్లగ పెడ్తది" అనేది. మంట జర ఎక్కువైతె చాలు, ఎరుపు మాడిపోతదట.

ఆమె మొగడు ఉస్తాద్. జాగీర్దార్ల, దేశ్‌ముఖుల వెండి పాన్‌దాన్ల మీద, శేర్వాణీ గుండీల మీద గాజుతోని ఆకులు, పూలు పెట్టేటోడు. జాగీర్లు పోయినయి, శేర్వాణీలు సందూకు పెట్టెల్లకు పోయినయి. ఆయన పేర్ల తఖ్తీలకు దిగి, కొన్నేండ్లకు దగ్గుతోని పోయిండు. ఆయన ఉన్నప్పుడు గూడ భట్టి ముందట ఖాలానే కూసునేదట. "గీత ఆయనది, మంట నాది" అనేది. ఆయన పోయినంక గీత గూడ నేర్చుకున్నది. "గీత ఎవరన్న నేర్వొచ్చు. మంట నేర్వాలంటె కనుబొమ్మ ఇయ్యాలె" అని సగం కనుబొమ్మ చూపించేది.

మాది చెన్నూరు. వానలు పడ్డంక గోదారి ఒడ్డు చేన్లల్ల పాత గాజు పూసలు తేలుతయి. మా బాపు నాగలి వెంబడి ఏరి డబ్బాల వేసేటోడు. ఒకసారి ఊరికి పోయి వచ్చేటప్పుడు ఖాలా కోసం పిరికెడు పట్టుకొచ్చిన. ఆమె ఒకటి ఎత్తి పండ్ల నడుమ పెట్టి మెల్లగ కొరికింది, ఎండకు పట్టి చూసింది.

"గిది ఊది చేసింది గాదు బేటీ. గాజును ఊదుడు తర్వాత వచ్చిన విద్య. మొదలు మనుషులు కరగబెట్టుడు, అతికించుడే నేర్చిర్రు. ఉస్తాద్ చెప్పేటోడు, ఉస్తాద్‌కు ఆయన ఉస్తాద్ చెప్పిండు. ఇగో, నీలి, ఆకుపచ్చ అంచు కాడ ఎట్ల పట్టుకున్నయో చూడు. గిది నా పని."

"ఖాలా, ఇవి ఎన్ని వందల ఏండ్ల కిందటివో!"

"అయితె? నా పనే. నా కంటె ముందు చేసిర్రు, గంతే."

మరుసటి వారం నేను పోయేసరికి ఒక పూస అప్పం తీరుగ చదునుగ అయి ఇటుక మీద పడి ఉన్నది. నా పానం చురుక్కుమన్నది. ఆమెకు ఏ చింతా లేదు. "భట్టిల పెట్టి చూసిన. నా గాజు నీళ్ళయినంక గూడ గిది కరిగి కూసోలే. బొగ్గు మీద బొగ్గు పొయ్యాల్సి వచ్చింది. పాత మనుషులు మొండోళ్ళు బేటీ, మంచిగ చేసిర్రు" అన్నది. మిగిలిన పూసలను దండ గుచ్చి నా చేతుల పెట్టింది.

తెలుగు తఖ్తీలల్ల ఆమెకు తగిలిన మొదటి చిక్కు ధ. ఒక ధాన్యం సేటు దుకాణానికి బోర్డు చేసింది. మూకుడు ఎత్తి, రేకును నా చాక్‌పీసు అక్షరం పక్కన పెట్టి చూసి, "గీ చిన్న పుల్ల యాడ వొయ్యింది?" అన్నది. ధ కింద ఉండాల్సిన గీతను నీలి కరిగి మింగింది. ధాన్యం కాస్త దాన్యం అయింది. సేటు వచ్చి చూసి నవ్విండు.

"పర్వాలేదు ఖాలా, గంత సన్నపు గీత ఎవలు చూస్తరు? ఇచ్చెయ్యి."

"సదువు రాని దాన్ని నేనే చూసిన. సదువొచ్చినోళ్ళు చూడరా? ఇయ్య. ఎల్లుండి రా."

ఆ తర్వాత ఆమె ఒత్తులను కావాల్సిన దానికంటె జర లావుగ, జర పొడుగ్గ పెట్టుడు మొదలువెట్టింది. మంట అంచులను తిన్నంక సరిగ్గ కొలతకు వచ్చేవి. "మంట తినేది మంటకు ముందే పెట్టాలె. ఆకలితోని ఉంచితె మనది తింటది" అన్నది. కరీంనగర్ వకీళ్ళ ఇండ్ల మీద ధ, ఘ, భ ఇప్పటికి గూడ చక్కగ నిలబడ్డయంటె అందుకే.

ఇగ ఆమె మరిది సంగతి. ఆయన చెడ్డ మనిషి గాదు. అన్న పోయినప్పుడు వదినెను ఒంటిగ విడువలే. గాని సైకిల్ దుకాణం పెరిగింది, జాగ చాలలే. భట్టి ఉన్న ఆంగన్ మీద ఆయన కన్ను పడ్డది. "భాభీ, ఇంటి ఆడమనిషివి, బొగ్గు మసి ఎందుకు? భట్టి తీసేద్దాం, నేను సాకుత గద" అనేటోడు. ఖాలా "నన్ను సాకుడు అల్కగ ఉంటదనుకున్నవా?" అని నవ్వేది.

బొంబాయి గాజు పొట్లాలు అప్పటికీ చనిపోయిన ఉస్తాద్ పేరు మీదనే వస్తుండె. పోస్ట్‌మన్ వాటిని మరిది చేతికిచ్చి పోయేటోడు. కొన్నాళ్ళు ఆయన తెచ్చి ఇచ్చిండు. తర్వాత ఇయ్యలే. "భట్టి బంద్ జెయ్యి, పొట్లం అప్పుడిస్త" అన్నడు. ఆ సమయానికి మా బడి గదులన్నిటికి తఖ్తీలు చెయ్యాలని హెడ్‌మిస్ట్రెస్సును నేనే ఒప్పించి ఉన్న. ఖాలా దగ్గర తెలుపు అడుగంటింది. తెలుపు లేకుంటె ఏ తఖ్తీ లేదు.

ఖాలా తిట్టలే, ఏడ్వలే. నన్ను పిలిచి, "బొంబాయి సేటుకు రాయి. ఇగ నుంచి పొట్లం నా పేరు మీద పంపమను" అన్నది.

"ఏం పేరు రాయాలె ఖాలా?"

అప్పుడు చెప్పింది. మూడక్షరాల పేరు, నోట్ల పెట్టుకుంటె తియ్యగ ఉండే పేరు. చెప్పి తనే ఇంకోసారి మెల్లగ అన్నది, ఆ పేరు తనదేనా అన్నట్టు. ఉస్తాద్ గూడ ఆమెను పేరు పెట్టి పిలువలేదట. ఆమె పెద్దోళ్ళు పోయినంక ఆ పేరు పలికిన మనిషి లేడు. నేను దాన్ని ఇక్కడ రాస్తలేను. ఆ తలుపు ముందట నిలబడ్డోళ్ళకు అది తెలుసు.

పొట్లం వచ్చింది, వచ్చిన తొవ్వనే పోయింది. కొత్తగ వచ్చిన పోస్ట్‌మన్ గల్లీల అడిగితె, గీ పేరు గల మనిషి ఇక్కడ లేదని అందరు అన్నరు. అబద్ధం గాదు, ఎవరికీ తెల్వదు. తెలిసిన ఒక్కడు, ఆమె మరిది, తల ఎత్తకుండ చక్రం తిప్పుకుంట ఊకున్నడు.

నేను చెప్తె ఖాలా లేచి కొంగు దోపింది. "గల్లీకి తెల్వదా? తెలిపిస్త."

బరిణెల పక్కలకు అంటిన తెలుపు గీకింది. ఒక్క తఖ్తీకి సరిపోయింది. తెల్లారి గోనెపట్ట పర్దా పక్కన, బజారు దిక్కు, నీలి మీద తెల్లగ ఆమె పేరు మెరుస్తున్నది. పోస్ట్‌మన్ తెలుగోడని, నాతోని చాక్‌పీసుతోని రాయించుకొని తెలుగుల పెట్టింది.

గల్లీ అట్టుడికింది. పర్దాల ఉండే ఆడమనిషి పేరు బజారు గోడ మీదనా? పెద్దమనుషులు వచ్చి నచ్చజెప్పిర్రు. ఆడోళ్ళు దొంగచాటుగ వచ్చి చూసి పోయిర్రు. మూడో నాడు మరిది సుత్తె పట్టుకొని బజారు దాటి వచ్చి తఖ్తీ మీద ఒక్కటి వేసిండు. గాజు చిట్లి పెచ్చులు రాలినయి. నడిమి అక్షరం సగం పోయి కింది నల్ల ఇనుము బయటపడ్డది. మళ్ళ కొట్టబోయిండు గాని, పర్దా ఎత్తి చూస్తున్న ఖాలా కండ్లు చూసి చెయ్యి దించిండు.

ఆ పొద్దు నేను పోయేసరికి ఆమె రాలిన పెచ్చులను ఊడ్చి పారబోసింది. చెక్క మీద పెట్టి రేకు సొట్ట తీస్తున్నది, పిల్లకు దెబ్బ తాకిన కాడ నిమిరినట్టు, మెల్లగ.

"కొత్త రేకు తీసుకోరాదు ఖాలా?"

"కొత్తది చేస్తె కొట్టినోడు మర్చిపోతడు. ఇదే ఉండాలె."

తెలుపు లేదు. కుండల దాచిన మడ్డి తీసి, ఆరబెట్టి, బంకతోని కలిపి ఆ గాయాల నింపింది. మళ్ళ భట్టిల పెట్టింది. చక్కెర, సంత్రా తొక్క, అద్దం. నడిమి అక్షరం మాసిన తెలుపుల వచ్చింది, మిగిలిన రెండు మెరుస్తున్నయి. మూడు సదువొస్తున్నయి. పాత మేకుకే మళ్ళ తగిలిచ్చింది. ఈసారి మరిది దుకాణంల కూసుండి చూసిండు, లేవలే.

బొంబాయికి నేను మళ్ళ రాసిన.

కొన్నాళ్ళకు ఒక శనివారం, ఒంటిపూట బడి. బడి విడిచి సీదా ఖాలా ఇంటికి పోయిన. మేము ఆంగన్ల కూసోని ఉండగ బయట సైకిల్ గంట మోగింది. పోస్ట్‌మన్ తఖ్తీ ముందట నిలబడి ఆమె పేరు గట్టిగ సదివిండు. ఖాలా బురఖా కప్పుకొని గడపల కొచ్చింది.

"అమ్మా, గీ పేరు నీదేనా? పోయినసారి గీ గల్లీల లేరంటె వాపస్ పంపిన. ఈసారి ఎవరన్న గుర్తు చెప్పాలె."

"నేను చెప్త" అని ముందటికి పోయిన.

ఖాలా నా భుజం పట్టి ఆపింది. "నువ్వు ఊకో బేటీ. నీకు బదిలీ అయితె పోతవు. నా పొట్లాలు ఇంక ఎన్నో రావాలె. ఇక్కడ ఉండేటోళ్ళే చెప్పాలె." ఎదురు దుకాణం దిక్కు చెయ్యి చూపించింది. "ఆయన్ను అడుగు."

మరిది ట్యూబు పంక్చరు చూస్తున్నడు, చేతులు తొట్టి నీళ్ళల్ల ఉన్నయి. పోస్ట్‌మన్ అక్కడికెల్లే అడిగిండు. "భాయీ, ఈమె ఎవరు?"

"మా భాభీ" అన్నడు, తల ఎత్తకుండనే.

"ఆయన అడిగింది వరుస గాదు" అన్నది ఖాలా. "పేరు."

గల్లీ ఇండ్ల పర్దాల సందులకెల్లి వేళ్ళు కనబడ్తున్నయి. మరిది నీళ్ళల్లకెల్లి చేతులు తీసి తువ్వాలకు తుడుచుకున్నడు. తఖ్తీ దిక్కు చూసిండు. చూస్తె ఏం లాభం, ఆయనకు తెలుగు రాదు. అన్న నిఖా నాడు ఖాజీ నోట విన్నదే ఆయనకు దిక్కు. అప్పుడు చిన్నోడు, గాని విన్నడు. పెదవులు కదిలినయి.

"ఇనబడ్తలేదు" అన్నడు పోస్ట్‌మన్.

మరిది లేచి నిలబడ్డడు. బజారు నడుమల ఆ మూడక్షరాలు గట్టిగ పలికిండు. పలికి, "మా అన్న భార్య. గీ ఇల్లు ఆమెదే" అన్నడు. ఆ రెండో మాట ఆయన్ను ఎవరూ అడుగలే.

ఖాలా పొట్లం చంకల పెట్టుకున్నది. పోస్ట్‌మన్ చూపిన కాయితం మీద తన పేరును, తఖ్తీ మీద పెట్టినట్టే, గుండ్రంగ పెట్టింది. పర్దా ఎత్తి లోపలికి వస్తు నాతోని అన్నది.

"బేటీ, చాయ్ పెట్టు. పోస్ట్‌మన్‌కు, మరిదికి గూడ. మరిది కప్పుల జర చక్కెర ఎక్కువెయ్యి. పాపం, ఇయ్యాల పెద్ద పని చేసిండు."